గాలి తీసిన అట్టపెట్టెలు

జనగామలో నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు సాయంత్రం నాకు అప్పజెప్పిన పని, వెనక జాగాలో మంట ఆరిపోయేదాకా కాపలా ఉండడం. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి, నూనె ప్యాకెట్లు హోల్‌సేల్‌గా అమ్మే గోడౌను మాది. కంపెనీల నుంచి సరుకు పెద్ద పెద్ద అట్టపెట్టెల్లో వచ్చేది. దుకాణాలకు విడి సరుకు పోయేది. పెట్టెలు మాకు మిగిలేవి. గోడౌను యజమాని మా సారుకు మహబూబాబాదులో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి ఇలాంటి గోడౌన్లే ఉండేవి. మూడు ఊళ్లలోనూ పెట్టెలను కుప్ప పోసి అంటించడమే అలవాటు.

అన్నీ కాల్చేవాళ్లం కాదు. నెలకు కొన్నిసార్లు లారీలో వేసి కాగితం మిల్లుకు పంపేవాళ్లం. కానీ ఎంత కుక్కినా పెట్టె పెట్టే. లారీ గోపురంలా నిండేది, బరువు మాత్రం ఉండేది కాదు. ఆ లారీ డ్రైవరు ప్రతిసారీ తాడు బిగిస్తూ ఒకటే మాట అనేవాడు. "నేను అట్టలు మోస్తలేనక్కా. డీజిలు పోసుకొని గాలి మోస్తున్న."

మాది నెల్లికుదురు దగ్గర ఒక తండా. ఇంట్లో మా భాష మాది, బడిలో తెలుగు. తండా నుంచి డిగ్రీ దాకా చదివిన ఆడపిల్లల్లో నేను రెండోదాన్ని. నాయిన నా చిన్నప్పుడే పోయాడు. మా యాడి, అంటే అమ్మ, రెండెకరాల పత్తి చేసుకుంటూ, ఎండాకాలం వస్తే హైదరాబాదు పోయి ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోస్తూ నన్ను చదివించింది. నేను జనగామ స్టేషను వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. గోడౌనులో సరుకు లెక్క చూడడం, పనివాళ్లకు పని చెప్పడం నా ఉద్యోగం. పెట్టెల మంట కూడా అందులోకే వచ్చింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. వారంలో ఒకరోజు బందు, ఇంకోరోజు రాస్తారోకో. బస్టాండు దగ్గర డేరా కింద రోజుకో సంఘం వాళ్లు దీక్షకు కూర్చునేవారు. ఒకరోజు పంతుళ్లు, ఒకరోజు వకీళ్లు, ఒకరోజు దర్జీలు. లారీలు ఎప్పుడు వస్తాయో ఎప్పుడు రావో తెలిసేది కాదు. మిల్లుకు పోవాల్సిన పెట్టెలు పోక మంటలు రోజూ అయ్యాయి.

మా వెనక గోడకు ఆనుకొని ఒక అవ్వ ఇల్లుండేది. ఒక్కతే ఉండేది. ఆమె దండెం మీద ఆరేసిన తెల్ల చీరెల మీద మా మసి పడేది. గోడ మీంచి నాలుగైదుసార్లు చెప్పింది. నేను "సరే అవ్వా" అన్నాను గానీ ఏమీ చేయలేదు. ఒకరోజు సాయంత్రం అగ్గిపెట్టె పట్టుకొని పోయేసరికి, మేం మంట పెట్టే చోట సరిగ్గా మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని అవ్వ కూర్చుంది. ఒళ్లో చిక్కుడుకాయల చాట.

"అవ్వా, జర లేవరాదు. మంట పెట్టాలె."

"పెట్టుకో బిడ్డా. నేనేమన్న వద్దన్ననా?"

"నువ్వు కూసున్న కాడనే కదా పెట్టేది."

"అందుకే కూసున్న." ఆమె కాయ తుంచుతూనే ఉంది. "రాష్ట్రం కోసం ఊరంత రోడ్డు మీద కూసుంటున్నది. నేను నా చీరెల కోసం గీడ కూసున్న. ఏమన్న తప్పున్నదా?"

అగ్గిపెట్టె జేబులో పెట్టుకున్నాను. మర్నాడు అవ్వతో పాటు పక్కింటి ఆడవాళ్లు ముగ్గురు బియ్యం చాటలతో వచ్చారు. మూడోరోజుకు దీక్షా శిబిరం వాళ్లకు కబురు తెలిసి, ఎండ తగలకుండా ఒక డేరా గుడ్డ ఇచ్చి పంపారు. గోడౌనులో హమాలీలు పని ఆపి మరీ తొంగిచూసి నవ్వేవారు. నాలుగోరోజు మా సారే వచ్చారు. దగ్గరి ఊళ్లో పెద్ద వ్యవసాయం ఉన్న కుటుంబం ఆయనది, ఎవరికీ తల వంచిన అలవాటు లేదు. అవ్వ ముందు మాత్రం చేతులు కట్టుకొని నిలబడ్డారు.

"అవ్వా, ఇంక కాలవెట్టం. నా మాట."

"నీ మాట నాకెందుకు నాయినా. పొగ రాకుంటే సాలు," అని అవ్వ కుర్చీ ఎత్తుకొని వెళ్లిపోయింది.

సారు నా వైపు తిరిగారు. "కాలవెట్టొద్దు. లారీ వస్తలేదు. సరుకు పెట్టనీకి జాగ లేదు. మరి ఎట్ల చేద్దామమ్మా?"

అడిగింది నన్నేనని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. జవాబు మర్నాడు పొద్దున పత్తి మార్కెట్టు ముందు నుంచి నడిచి వస్తుంటే ఎదురైంది. జిన్నింగ్ మిల్లు గేటు నుంచి లారీ బయటికి వస్తోంది. దాని నిండా గట్టిగా కట్టిన పత్తి బేళ్లు, చెక్క దుంగల్లా. ఆ ఒక్క బేలులో ఉన్న పత్తిని మా తండాలో కుప్ప పోస్తే ఇల్లంతా నిండుతుంది. పత్తిని అంత చిన్నగా చేయగలిగినవాళ్లు పెట్టెలను చేయలేరా అనిపించింది.

మిల్లులోకి వెళ్లి అడిగాను. ప్రెస్సు మీద ముప్పై ఏళ్లు పనిచేసి మానేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడని, ఆయననే అడగమని కాపలాదారు చెప్పాడు. "ఇంటికాడ దొరకడు. ఇయ్యాల మిల్లు కార్మికుల వంతు. దీక్షల కూసున్నడు."

డేరా కింద మెడలో బంతిపూల దండతో, కాళ్లు చాపుకొని కూర్చున్నాడు ఆయన. పలచటి మనిషి, చేతులు మాత్రం ఆయనవి కానంత లావు. నేను పక్కన కూర్చొని అడిగాను.

"కాకా, అట్టపెట్టెలను పత్తి లెక్క బేలు కట్టొచ్చా?"

"ఉపాసమున్నోన్ని అడుగుతున్నవు. తప్పు చెప్తే నాది జిమ్మేదారి కాదు." కాసేపు ఆలోచించాడు. "పత్తిల ఉన్నది గాలే, పెట్టెల ఉన్నది గాలే. గాలి తీసుడే కదా నేను ముప్పై ఏండ్లు చేసింది. ఎందుకు కాదు?"

సాయంత్రం నిమ్మరసం తాగి దీక్ష విరమించాక ఆయన ఇంటికి పోలేదు. దండ తీయడం కూడా మరిచిపోయి నన్ను నేరుగా మిల్లు వెనక కంపచెట్లలోకి తీసుకుపోయాడు. అక్కడ తుప్పు పట్టి పడి ఉంది ఒక పాత చేతి ప్రెస్సు. నిలువెత్తు ఇనుప పెట్టె, ముందు తలుపు, పైన లావుపాటి మర. మరకు అడ్డంగా గడ దూర్చి ఇద్దరు తిప్పితే, లోపల ఇనుప పలక కిందికి దిగుతుంది. కరెంటు ప్రెస్సులు రాకముందు దూది చెత్తను దానితోనే కట్టేవారట. మిల్లువాళ్లు పాత ఇనుము ధరకు మా సారుకు ఇచ్చేశారు.

ట్రాక్టరు మీద దాన్ని తెస్తున్న రోజు పట్టణంలో రోడ్డు మీద వంటావార్పు. చౌరస్తాలో నాలుగు పెద్ద గాడిపొయ్యిలు, వంట బగోనలు, డప్పులు. మా ట్రాక్టరును ఆపేశారు.

"ఏంది గిది? ఫిరంగా?" అని ఒకతను ట్రాలీ ఎక్కి చూశాడు.

"అట్టలు ఒత్తే మిషను," అన్నాడు కాక. "పొగ బందు వెడ్తది."

"ఇయ్యాల ఏ బండి పోదు పెద్దాయనా. దిగి బువ్వ తినుండ్రి."

దిగాము. రోడ్డు మధ్యలో విస్తళ్లు వేసి అన్నం, పప్పుచారు, వంకాయ కూర వడ్డించారు. మా వెనకింటి అవ్వ కూడా అక్కడే ఉంది, వంకాయలు కోసింది ఆమేనట. మేం తింటుంటే కాక చుట్టూ జనం చేరారు. మిషను ఎట్లా పనిచేస్తుందో ఆయన విస్తరి మీద అన్నం ముద్దను అరచేత్తో ఒత్తి చూపించాడు. సాయంత్రం రోడ్డు వదిలేటప్పటికి మా ఇనుప పెట్టె తలుపు మీద ఎవరో సున్నంతో "జై తెలంగాణ" అని రాసిపెట్టారు. వాళ్లే పదిమంది పట్టి గోడౌనులో దించి వెళ్లారు.

తుప్పు గీకి, మరకు గ్రీజు పెట్టి, వారం తరువాత మొదటి బేలుకు సిద్ధమయ్యాం. అదే రోజు మా యాడి తండా నుంచి వచ్చింది. కందిపప్పు మూట, పచ్చడి సీసా తెచ్చింది. గదికి తాళం ఉందని గోడౌనుకే వచ్చి మూట పక్కన పెట్టుకొని గడప మీద కూర్చుంది. కాక పెట్టెలను మడిచి లోపల పడేయించాడు. ఇద్దరు హమాలీలు గడ తిప్పారు. పలక దిగింది, అట్టలు కరకరలాడాయి, మళ్లీ వేశాం, మళ్లీ తిప్పారు. తీగ కట్టి, కాక గర్వంగా తలుపు గొళ్లెం తీశాడు.

బేలు ఒక్క క్షణం నిలబడింది. తరువాత పెద్ద చప్పుడుతో తీగలోంచి పక్కలకు జారి పగిలింది. అట్టలు కప్పు దాకా లేచాయి. కాక తల మీద ఒక సబ్బుపెట్టె టోపీలా వాలింది. అందరికంటే ముందు నవ్వింది మా యాడి.

నాకు మా భాషలో ఏదో చెప్పింది. కాక అట్ట తీసి పక్కన పెట్టి, "ఏమంటున్నది మీ అమ్మ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమే తెలుగులో చెప్పింది. "అన్నా, పత్తికి పత్తి అతుకుతది. అట్టకు అట్ట అతకది. జారతది."

"ముప్పై ఏండ్ల సంది ప్రెస్సు మీద ఉన్న చెల్లే."

"నేను ఇరవై ఏండ్ల సంది గోడల కాడ ఉన్న. ఇటుక మీద ఇటుక సక్కగ పెడితే గోడ నిలవదు. ఒక వరుస నిలువు పెట్టాలె, ఇంకో వరుస అడ్డం పెట్టాలె. అతుకు మీద అతుకు రావొద్దు."

కాక మొహం ముడుచుకున్నాడు. పక్కకు పోయి బీడీ వెలిగించబోయి, చుట్టూ అట్టలున్నాయని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నాడు. యాడి ఎవరి అనుమతీ అడగలేదు. కొంగు బిగించి ఇనుప పెట్టెలోకి దిగింది. నేను అందిస్తుంటే పెట్టెలను మడిచి, ఇటుకలు పేర్చినట్టే పేర్చింది. ప్రతి వరుస మీద పత్తి నింపేటప్పుడు బోరెం తొక్కినట్టు కాళ్లతో తొక్కింది. సగం అయ్యేసరికి కాక దగ్గరికొచ్చి చూస్తున్నాడు. నిండేసరికి తనే గడ పట్టుకున్నాడు. ఈసారి తీగ నాలుగుచోట్ల కట్టి తలుపు తీస్తే బేలు కదల్లేదు. కాక దాన్ని కాలితో తన్నాడు. పక్కకు దొర్లించి చూశాడు. చివరికి దాని మీద కూర్చున్నాడు.

"చెల్లే, నువ్వు తండాకు పోవద్దు," అన్నాడు.

యాడి పోలేదు. ఆ సీజను పత్తిని మా చిన్నాన్నకు అప్పజెప్పి జనగామలోనే ఉండిపోయింది. ఆమె పేర్చేది, కాక ఒత్తించేవాడు. బేళ్లు గోడౌనులో ఒక మూల చక్కగా సర్దుకున్నాయి, సరుకుకు జాగా దొరికింది. అవ్వ ఒకరోజు చూడ్డానికొచ్చి, బేలు మీద కూర్చొని చాయ్ తాగి, "మెత్తగున్నది" అని మెచ్చుకుంది. రోడ్లు తెరిచాక లారీ వచ్చింది. డ్రైవరు ఎప్పటిలాగే తాళ్లు పట్టుకొని దిగాడు. బేళ్లన్నీ ఎక్కాక ఇంకెక్కడున్నాయని అడిగాడు.

"ఇంక లేవన్నా. అన్నీ ఎక్కినయి."

"నాలుగు ట్రిప్పుల మాలు ఉండె కదా?"

"నాలుగు ట్రిప్పులది గిదే."

అతను లారీ చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. కాగితం మిల్లులో తూకం వేసి వచ్చాక ఫోను చేసి, బండి ఇప్పుడు నిజంగా బరువు మోసిందని, ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే ఇంజను మూలిగిందని సంతోషంగా చెప్పాడు. ఉద్గారాలు, కర్బనం అనే మాటలు మాకు చాలా ఏళ్ల తరువాత ఒక శిక్షణ తరగతిలో తెలిశాయి. అప్పుడు మాకు తెలిసినవి రెండే. పొగ లేదు, డీజిలు తగ్గింది. ఖాళీ పెట్టెల ట్రిప్పులకు సారు పెట్టే ఖర్చు తగ్గి, అట్టల మీద తిరిగి రాబడి మొదలైంది.

సారు మహబూబాబాదు గోడౌనుకు ఇంకో చేతి ప్రెస్సు చేయించారు. దాన్ని లారీలో ముందే పంపి, మేం ముగ్గురం ప్యాసింజరు రైలెక్కాం. కేసముద్రంలో రైలు ఆగిపోయింది. ముందు స్టేషనులో పట్టాల మీద జనం కూర్చున్నారని, సాయంత్రం దాకా కదలదని తెలిసింది. కాక పరేషాన్ అయ్యాడు. యాడి మాత్రం సంచీ భుజాన వేసుకొని దిగింది.

"ఇంటి ముందటికి తెచ్చి ఆపిండ్రు. దిగు అన్నా."

ఆటో మాట్లాడుకొని మా తండాకు పోయాం. కాక మా ఇంటి ముందు మంచంలో కూర్చొని ఎండుమిరప నూరుడుతో నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడు. నీళ్లు తాగుతూ, కళ్లు తుడుచుకుంటూ ఇంకోటి అడిగాడు. తండా ఆడవాళ్లు యాడి చుట్టూ చేరారు. పత్తి ఏరడం అయిపోయి చేతిలో పని లేని కాలం. అట్టలు పేర్చే పని ఏమిటో యాడి నేల మీద రాళ్లు పెట్టి చూపించింది. మా భాషలో గబగబా సాగిన ఆ మాటల్లో కాకకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ రాళ్లు చూసి తలూపుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున మాతో మహబూబాబాదుకు ఆరుగురు ఆడవాళ్లు బయలుదేరారు. ఆ రైలు ఆగకపోతే మాకు ఆ ఆరుగురు దొరికేవాళ్లు కారు.

వాళ్లు రెండు రోజుల్లో పని పట్టేశారు. పాటలు పాడుతూ వరుసకు ఒక చరణం చొప్పున తొక్కేవారు. వారం తిరిగేసరికి కాక మా భాషలో "ఆవ్", "జో" అని రమ్మనడం, పొమ్మనడం నేర్చుకున్నాడు. రెండూ తారుమారు చేసి, పెట్టెలు తెచ్చేవాళ్లను వెనక్కి పంపేవాడు. వాళ్లు పడీపడీ నవ్వేవారు.

భూపాలపల్లి సంగతి వేరు. బొగ్గుగనుల కాలనీల్లో దుకాణాలు ఎక్కువ, పెట్టెలు ఎక్కువ. అక్కడికి సారు కరెంటుతో నడిచే కొత్త మిషను కొన్నారు. పచ్చ బటను నొక్కితే పలక దిగుతుంది, ఎర్ర బటను నొక్కితే ఆగుతుంది. దాన్ని ప్రారంభించే రోజు మేం బస్సులో పోతుంటే చెల్పూరు దగ్గర విద్యుత్ కేంద్రం పొగగొట్టం ఆకాశంలోకి కనబడింది. "కరెంటు పుట్టే కాడికే వచ్చినం," అన్నాడు కాక. తీరా గోడౌనుకు చేరేసరికి కరెంటు లేదు. తెలంగాణ కోసం గనుల్లో సమ్మె నడుస్తోంది. బొగ్గు కదలక ఎక్కడికక్కడ కోతలు.

సారు బంధువులు కొత్తబట్టలతో వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు, కుంకుమ పెట్టారు. మిషను కదల్లేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. సమ్మెలో ఉన్న గని కార్మికులు నలుగురైదుగురు, పని లేని రోజు కాబట్టి, ఏం జరుగుతోందో చూద్దామని వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన సారుతో నొచ్చుకుంటూ అన్నాడు. "మా సమ్మె వల్ల మీ మిషను ఆగె సారూ. ఏమనుకోకుండ్రి."

"సమ్మె మీ ఒక్కలదా? అందరిది," అన్నారు సారు. తెచ్చిన లడ్డూలు ముందు వాళ్లకే పంచారు.

సాయంత్రం నాలుగింటికి పైన ఫ్యాను తిరగడం మొదలైంది. అందరూ ఒక్కసారిగా లేచారు. బటను ఎవరు నొక్కాలన్న ప్రశ్న వచ్చింది. బంధువులు సారును ముందుకు తోశారు. సారు పక్కకు జరిగి మా యాడిని పిలిచారు. ఆమె చేయి కొంగుకు తుడుచుకొని, ఒక వేలితో, పిల్లల చెంప ముట్టుకున్నట్టు పచ్చ బటను నొక్కింది. పలక మెల్లగా, ఏ గడా తిప్పకుండానే దిగింది. గని కార్మికులు చప్పట్లు కొట్టారు. కాక మాత్రం చేతులు రెండూ ముందు పెట్టుకొని చూసుకుంటున్నాడు.

"గిదంత అదే చేస్తే, నా చేతులేం చెయ్యాలె చెల్లే?"

"చాయ్ పట్టుకో అన్నా," అని గ్లాసు చేతిలో పెట్టింది యాడి. ఆయన నవ్వేశాడు. తరువాత ఆ మిషను శబ్దం విని ఎక్కడ నూనె కావాలో చెప్పగలిగేంతగా దాన్ని మచ్చిక చేసుకున్నాడు.

నాకు పని మారింది. మూడు ఊళ్ల అట్టల వ్యవహారం నాకే అప్పజెప్పారు. నెలలో సగం రోజులు బస్సుల్లో, రైళ్లలో తిరిగేదాన్ని. బయటి దుకాణాలవాళ్లు కూడా కాల్చడం మానేసి పెట్టెలు మాకే పంపడం మొదలుపెట్టారు. తండా నుంచి వచ్చిన ఆరుగురు పన్నెండుగురయ్యారు. యాడి ఎండాకాలం ఇటుకల పనికి మళ్లీ పోలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు మేం ముగ్గురం జనగామలోనే ఉన్నాం. రోజంతా డప్పులు, రంగులు, ఎదురైన ప్రతివాళ్ల నోట్లో మిఠాయి. కాక చౌరస్తాలో ఆడినంతసేపు ఆడి, మోకాళ్లు పట్టుకొని కూర్చుండిపోయాడు. మర్నాడు పొద్దున గోడౌను తలుపు తీయడానికి పోతే దారి లేదు. బయట గోడ పొడవునా, గేటు దాకా అట్టపెట్టెలు. మిఠాయి దుకాణాలవి, పటాకులవి, పూలవి, ఎవరో మంచినీళ్ల ప్యాకెట్లు పంచినవి. ఊరంతా చేసుకున్న సంబరం మా గుమ్మం ముందు పేరుకొని ఉంది.

యాడి కొంగు బిగించింది. మిఠాయి పెట్టెలకు నెయ్యి అంటి ఉంటే మిల్లువాళ్లు తీసుకోరు. అందుకని ఆమె ఒక్కో పెట్టె మూత తీసి, వాసన చూసి, నెయ్యివి ఒక పక్కకు, మంచివి ఒక పక్కకు వేస్తోంది. కాక కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఒక పెట్టె అడుగున సగం కోవా బిళ్ల మిగిలి కనబడింది. యాడి దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి ఆయనకిచ్చింది.

"నాకేది?" అన్నాను నేను.

"ఇంకా మస్తు పెట్టెలున్నయి. సూడు," అంది యాడి.

నేను చెప్పులు విప్పి కుప్ప పక్కన కూర్చున్నాను.